ఇంటి కాపలాకీ, క్లేలు కొట్టడానికీ ఒకే షాట్‌గన్: ఏది తీసుకోవాలి?

ఫ్రిస్కో_ఫణి
ఒక్కటంటే ఒక్కటే తుపాకీ, రెండోది గుమ్మం దాటి లోపలికి రాదని మా హోం మినిస్టర్ తేల్చేసింది. నెలకోసారి ఆఫీసు వాళ్లతో స్పోర్టింగ్ క్లేస్‌కి (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని, అంటే క్లేలని కొట్టే ఆట) వెళ్లాలి, అదే తుపాకీ రాత్రిపూట ఇంటి కాపలాకీ పనికిరావాలి. 12 గేజ్ (గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం) అనుకుంటున్నా. షెల్స్ (తూటాలు) ఖర్చు కాకుండా బడ్జెట్ వెయ్యి డాలర్లు. టెక్సస్, రెండంతస్తుల ఇల్లు, తొమ్మిదేళ్ల పిల్లాడున్నాడు. గ్రీన్ కార్డు ఉంది.
ఒక షాపులో 18.5 అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న టాక్టికల్ పంప్ (ముందు పట్టుని చేత్తో లాగి లోడ్ చేసేది) రెండింటికీ చాలన్నారు. ఇంకో షాపులో అది క్లేలకి దండగ, 28 అంగుళాల సెమీ-ఆటో (తనంతట తానే లోడయ్యేది) కొనుక్కోమన్నారు. ఎవరి మాట వినాలి?

మెస్కీట్_మామ
ఇద్దరూ సగం సగం చెప్పారు. ఆ రెండు సగాలూ ఒకే డబ్బాలో అమ్ముతారు. మోస్‌బర్గ్ 500 కాంబో: ఒక రిసీవర్ (తుపాకీ మధ్య భాగం, యంత్రమంతా ఉండేది), రెండు బ్యారెళ్లు. 28 అంగుళాలది రిబ్‌తో (గొట్టం మీది పొడుగు పట్టీ), మార్చుకునే చోక్‌లతో (గొట్టం మొనలో బిగించి గుళ్లు ఎంత విచ్చుకోవాలో అదుపు చేసే ముక్కలు) వస్తుంది, 18.5 అంగుళాలది పూస సైట్‌తో (గురికోసం మొన మీద చిన్న పూస) వస్తుంది. నీ బడ్జెట్‌లో సగం మిగులుతుంది. దాంతో షెల్స్ కొనుక్కో.

స్కీట్_సుబ్బయ్య
చిన్న బ్యారెల్‌తో క్లేలు ఎందుకు తప్పుతాయో చాలామంది పొరపాటుగా చెప్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. గుళ్ల వేగం తగ్గిపోవడం వల్ల కాదు, ఆ తేడా చాలా తక్కువ. అసలు కారణాలు వేరే.
మొదటిది చోక్. 18.5 బ్యారెళ్లు ఎక్కువగా సిలిండర్ బోర్, అంటే చోక్ ఏమీ ఉండదు. 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో సిలిండర్ 40 శాతం గుళ్లు వేస్తుంది, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50, మాడిఫైడ్ 60, ఫుల్ 70. స్కీట్‌లో (క్లేలు రెండు పక్కల నుంచి అడ్డంగా వచ్చే ఆట) మధ్య గుంజ దగ్గర క్లే 21 గజాల్లోనే ఉంటుంది కాబట్టి సిలిండర్‌తో కూడా పగలగొట్టొచ్చు. ట్రాప్‌లో (క్లే నీ నుంచి దూరంగా పోయే ఆట) నువ్వు 16 గజాల గీత మీద నుంచుంటావు, నీ తుపాకీ పేలేసరికి క్లే 32-36 గజాల దూరం పోయి ఉంటుంది. అక్కడ సిలిండర్ బోర్‌తో గుళ్ల మధ్య ఖాళీల్లోంచి క్లే క్షేమంగా వెళ్లిపోతుంది. నువ్వేమో గురి తప్పిందనుకుని సరిగ్గా ఉన్న గురిని పాడుచేసుకుంటావు.
రెండోది స్వింగ్. ముందు బరువు లేని తుపాకీ చటుక్కున కదులుతుంది, అంతే చటుక్కున ఆగిపోతుంది. పక్కకి దూసుకుపోయే క్లేని దాటి ముందుకి పోతూ, ట్రిగ్గర్ నొక్కాక కూడా కదులుతూనే ఉండాలి. పొట్టి బ్యారెల్‌తో ఆ కదలిక ట్రిగ్గర్ దగ్గరే తెగిపోతుంది, దెబ్బ క్లే వెనక పడుతుంది.

గోదారి_గాలి
మా ఆఫీసులో అందరూ క్లే వెనకే కొడతారు, బ్యారెల్ 30 అంగుళాలైనా సరే 😄

స్కీట్_సుబ్బయ్య
అది బ్యారెల్ తప్పు కాదు గాలిగారూ. పూస వంక చూస్తున్నారు, క్లే వంక చూడట్లేదు.

లక్ష్మి_ఆస్టిన్
అందరూ బ్యారెల్ దగ్గరే ఆగిపోయారు. స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) గురించి ఎవరూ అడగలేదే? షాట్‌గన్‌కి వెనక సైట్ ఉండదు, మీ కన్నే వెనక సైట్. చెంప స్టాక్ మీద ఆనినప్పుడు కన్ను రిబ్ మధ్యకి, పూసకి సూటిగా రావాలి. ఫణిగారి ఎత్తెంత?
ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరిదాకా ఉండే కొలతని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి చాలా వాటికి 14 అంగుళాలకి అటూ ఇటూగా వస్తుంది. క్లేలకి మెడ చాచకుండా, బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్లంత ఖాళీ ఉండేలా చూసుకోవాలి. ఇంటి కాపలాకి మాత్రం చాలామంది 13 దగ్గర ఉంచుకుంటారు, ఎందుకంటే ఎదురుగా తిరిగి నిలబడి, మోచేతులు దగ్గరగా పెట్టుకుని పట్టుకుంటారు. ఇంట్లో ఇద్దరు వాడేట్టయితే పొట్టివారి కొలతకే కొని, స్పేసర్లు పెట్టి పెంచుకోండి. పొడుగు స్టాక్‌తో పొట్టివాళ్లు వెనక్కి వాలిపోయి కాలుస్తారు, దెబ్బ భుజం కీలు మీద పడుతుంది. పొట్టి స్టాక్‌తో పొడుగువాళ్లు కాస్త ఇబ్బందిపడినా సర్దుకుపోతారు.

ఫ్రిస్కో_ఫణి
నేను 5'9", మా ఆవిడ 5'2". తనకి నేర్పించాలనే ఉంది. ఈ లెక్కన 20 గేజ్ మంచిదా?

మెస్కీట్_మామ
20 గేజ్ తప్పేం కాదు. కానీ తుపాకీ కూడా తేలికవుతుంది కాబట్టి భుజానికి తగిలే దెబ్బ అనుకున్నంత తగ్గదు. దానికి బక్‌షాట్ (పెద్ద గుళ్ల షెల్స్) రకాలు తక్కువ, ఎక్కువగా దొరికేది నంబర్ 3 బక్, 2¾ అంగుళాల షెల్‌లో 20 గుళ్లు. 12 గేజ్‌లో తేలిక లోడ్లు కొంటే సరిపోతుంది.

కేటీ_కృష్ణ
మామగారి మాటకి లెక్క కడుతున్నా. 7 పౌండ్ల తుపాకీ అనుకుందాం.
1⅛ ఔన్సు, సెకనుకి 1200 అడుగులు: దెబ్బ సుమారు 20 అడుగు-పౌండ్లు.
1 ఔన్సు, 1180: సుమారు 16.
⅞ ఔన్సు, 1200: సుమారు 13.
స్పోర్టింగ్ క్లేస్‌లో వంద షెల్స్ కాలుస్తారు, 20కీ 13కీ తేడా అరవయ్యో షెల్ దగ్గర భుజానికే తెలుస్తుంది. లో-రికాయిల్ (వెనక్కి తక్కువ తన్నే) 00 సైజు బక్, 8 గుళ్లది, 1145 వేగం, ఇది కూడా 16 చుట్టుపక్కలే. అంటే 1 ఔన్సు క్లే లోడ్‌తో సాధన చేసిన చేతికి ఇంట్లో పెట్టుకున్న షెల్ కొత్తగా అనిపించదు. 3 అంగుళాల మాగ్నమ్ బక్ కొనకండి, గదిలో అది చేసే పని 2¾ చేస్తుంది. దెబ్బా, మెరుపూ మాత్రం ఎక్కువ.

లక్ష్మి_ఆస్టిన్
20 గేజ్ తీసుకునే ఉద్దేశమున్నా ఒక్క జాగ్రత్త. క్లబ్బులో పక్కవాళ్లంతా 12 వాడుతుంటారు. 20 గేజ్ షెల్ ఒకటి పొరపాటున 12 గేజ్‌లో పడిందంటే ఛాంబర్ (షెల్ కూర్చునే చోటు) దాటి ముందుకి జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. వెనకనుంచి చూస్తే ఛాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక 12 షెల్ పెట్టి పేలిస్తే బ్యారెల్ చేతిలోనే చీలిపోతుంది. 20 గేజ్ షెల్స్‌ని పసుపు రంగులో చేసేది ఇందుకే. జేబులో రెండు గేజ్‌లు ఎప్పుడూ కలపొద్దు.

సీమ_టపాకాయ
పంప్ పంప్ అంటున్నారు గానీ ఈ కాలంలో పంప్ ఎందుకన్నా? గ్యాస్ సెమీ-ఆటో తీసుకో. బెరెటా ఏ300 అల్టిమా నీ బడ్జెట్‌కి దగ్గర్లోనే ఉంటాది. దెబ్బ బాగా మింగేస్తాది. రెండో క్లేకి చెయ్యి ఆడించే పనిల్యా. 26 అంగుళాల బ్యారెల్ తీసుకుంటే ఇంట్లోనూ అదే, బయటా అదే, బ్యారెల్ మార్చే గోల కూడా ల్యా.

మెస్కీట్_మామ
26 అంగుళాల సెమీ-ఆటో మొత్తం పొడవు దాదాపు 47 అంగుళాలు. మన ఇళ్లల్లో హాల్ (గదుల మధ్య నడవ) వెడల్పు తక్కువలో తక్కువ 36 అంగుళాలు ఉంటుంది. ఆ హాల్లో అడ్డంగా తిప్పి చూపించు, నేను టపాకాయలు కొనిపెడతా.

సీమ_టపాకాయ
హాల్లో ఎందుకు తిప్పాలన్నా? ఇల్లంతా తిరిగి వెతకమని ఎవరు చెప్పినారు? పెండ్లాన్నీ పిల్లోణ్ణీ ఒక గదిలోకి తెచ్చుకో, తలుపేసుకో, మంచం వెనక నిలబడి తలుపు వైపు గురి పెట్టు, 911కి ఫోన్ కొట్టు. ఆ పనికి పొడవు అడ్డం రాదు.

కేటీ_కృష్ణ
సీమ అన్న చెప్పిన పద్ధతే సరైంది. కానీ ఫణిగారికి రెండంతస్తులు, పిల్లాడి గది వేరే. పిల్లాణ్ణి తెచ్చుకోవడానికి హాలు దాటాల్సిందే. అప్పుడు ఒక చెయ్యి పిల్లాడికి పోతుంది. 38-39 అంగుళాల తుపాకీని ఒంటి చేత్తో గొట్టం నేలకి దించి మోయొచ్చు. 47 అంగుళాలది గోడలకి గీసుకుంటుంది.

పంచె_ప్రొఫెసర్
సెమీ-ఆటో వర్గం వాళ్లు రెండు విషయాలు దాటేస్తున్నారు.
సెమీ-ఆటోల్లో రెండు రకాలు. గ్యాస్‌ది, పేలుడు గ్యాస్‌లో కొంత పక్కకి తీసుకుని బోల్ట్‌ని (షెల్ వెనక మూసే కదిలే ముక్క) నెడుతుంది. ఇనర్షియాది, తుపాకీ వెనక్కి తన్నే కదలికతోనే పనిచేస్తుంది. గ్యాస్‌లో మసి పేరుకుంటుంది, పిస్టన్ తుడవాలి. ఇనర్షియా శుభ్రంగా ఉంటుంది గానీ అది వెనక్కి కదలాలి. ⅞ ఔన్సు లోడ్ వేసినా, ముందు బరువైన లైట్ తగిలించినా, భుజానికి సరిగ్గా ఆనకుండా పేల్చినా కొన్ని పూర్తిగా తిరగవు. ఇనర్షియాలో ఇంకోటుంది: చప్పుడు కాకూడదని బోల్ట్‌ని చేత్తో మెల్లగా మూస్తే తల పూర్తిగా తిరిగి తాళం పడదు. ట్రిగ్గర్ నొక్కితే క్లిక్ మంటుంది, అంతే. అర్ధరాత్రి మనిషి చేసేది సరిగ్గా ఆ పనే. బోల్ట్‌ని ఎప్పుడూ వెనక్కి పూర్తిగా లాగి వదిలెయ్యాలి, వెంట చెయ్యి పోకూడదు.
రెండోది. చాలా సెమీ-ఆటోల్లో హ్యామర్ (లోపలి సుత్తి) కాక్ అయి, అంటే పేలడానికి సిద్ధంగా ఉన్నప్పుడు బోల్ట్ ఊరికే లాగితే మ్యాగజైన్ (షెల్స్ ఉండే గొట్టం) లోంచి షెల్ రాదు. పక్కనున్న చిన్న షెల్ రిలీజ్ మీట నొక్కాలి. ఇది తెలియక బోల్ట్ లాగి, లోడయిందనుకునే వాళ్లున్నారు. మాన్యువల్ తెరిచి, డమ్మీ షెల్స్‌తో ఇంట్లో వాడే ఇద్దరూ చెయ్యాలి.

గోదారి_గాలి
పంప్‌లో ఇలాంటి తిరకాసులేవీ లేవన్నమాట.

పంచె_ప్రొఫెసర్
ఎందుకు లేవు, ఉన్నాయి. పంప్‌లో తిరకాసు మనిషిలోనే ఉంటుంది. కంగారులో ఫోరెండ్ (లాగే ముందు పట్టు) పూర్తిగా వెనక్కి లాగకుండా ముందుకి తోసేస్తారు. దాన్ని షార్ట్ స్ట్రోక్ అంటారు. ఖాళీ షెల్ బయటికి రాదు, లేదా కొత్తది పైకి లేవదు. క్లేల్లో రెండో క్లే పోతుంది, అంతే. ఇంట్లో అయితే అంతటితో పోదు. మందు ఒక్కటే: ప్రతి పేలుడుకీ ఫోరెండ్‌ని వెనక గోడకి కొట్టినట్టు లాగడం. క్లేలకి అదే పంప్ వాడితే నెలకి వంద సార్లు ఆ అలవాటు పడుతుంది. ఒకే తుపాకీ అనే ఆలోచనలో నాకు నచ్చేది ఇదే.

మెస్కీట్_మామ
👆 ఇది రాసి ఫ్రేమ్ కట్టించుకోవాలి.

నల్లగొండ_నాని
మోస్‌బర్గ్ వద్దు, రెమింగ్టన్ 870 చూడు అన్నా. పాతది దొరికితే వింగ్‌మాస్టర్, బోల్ట్ నున్నగా జారుతది. బ్యారెల్ మార్చుడు గూడ అల్కనే, ముందు క్యాప్ విప్పితే అయిపాయె.

మెస్కీట్_మామ
వింగ్‌మాస్టర్‌కి నేనూ ఓటేస్తా. పాత 870 ఎక్స్‌ప్రెస్ అయితే మాత్రం చూసి తీసుకో. వాటిలో కొన్నింటికి ఛాంబర్ గరుకుగా ఉంటుంది. చవక క్లే షెల్స్ అడుగు ఇత్తడి కాదు, ఉక్కు. ఉక్కు పేలినప్పుడు ఉబ్బి, ఇత్తడిలా వెనక్కి ముడుచుకోదు. గరుకు ఛాంబర్‌ని పట్టేసుకుంటుంది, ఫోరెండ్ కదలదు. వైద్యం: బ్యారెల్ విప్పి, 20 గేజ్ బ్రష్‌కి 0000 స్టీల్ ఊల్ (సన్నని ఉక్కు పీచు) చుట్టి, కాస్త నూనె వేసి, డ్రిల్‌తో నెమ్మదిగా ఛాంబర్ వరకే తిప్పాలి. ఒకటి రెండు నిమిషాలు తిప్పి తుడిచి చూడు. బ్యారెల్ లోతుకి పోకూడదు. తర్వాత ఊల్ పోగులు ఒక్కటీ మిగలకుండా తుడవాలి.

నల్లగొండ_నాని
ఇంకోటి, సేఫ్టీ. 870ది ట్రిగ్గర్ వెనక అడ్డంగ ఉంటది. మోస్‌బర్గ్ 500ది పైన బొటనవేలి కింద ఉంటది. ఎడమ చేతి వాటమోళ్లకు మోస్‌బర్గే మేలు, అది ఒప్పుకుంట. అయితే పిస్టల్ గ్రిప్ స్టాక్ బిగిస్తే బొటనవేలు అక్కడిదాక పోదు.

లక్ష్మి_ఆస్టిన్
పిస్టల్ గ్రిప్ మాట వచ్చింది కాబట్టి: భుజానికి ఆనే స్టాక్ అసలు లేకుండా ఉత్త గ్రిప్ మాత్రమే ఉన్నవి ఇస్తానంటే తీసుకోకండి. చాలా క్లే క్లబ్బులు వాటిని గీత మీదకి రానివ్వవు. ఇంట్లో కూడా నడుం దగ్గర పెట్టి పేలిస్తే ఎక్కడ తగులుతుందో తెలియదు.

ఫ్రిస్కో_ఫణి
చాలా విషయాలు తెలిశాయి. ఇంకో రెండు డౌట్లు. ఒకటి, క్లేల షెల్సే ఇంట్లో పెట్టుకుంటే గోడ దాటవని, పిల్లాడి గదికి ప్రమాదం లేదని ఆఫీసులో అంటున్నారు. రెండు, షాట్‌గన్‌కి గురి అక్కర్లేదు, తలుపు నిండా గుళ్లు పడతాయంటున్నారు.

కేటీ_కృష్ణ
రెండూ తప్పే. ఆ ఆఫీసు మిత్రులకి ఈ పోస్టు పంపండి.
గురి సంగతి ముందు. సిలిండర్ బోర్‌లో మామూలు బక్‌షాట్ మోటుగా గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటుంది. మీ పడగ్గదిలో గోడ నుంచి తలుపుకి ఎంత దూరం, ఆరు గజాలా? అయితే పిడికిలికి కాస్త ఎక్కువ. ఫ్లైట్‌కంట్రోల్ లాంటి వాడ్ (గుళ్లని పట్టి ఉంచే ప్లాస్టిక్ గిన్నె) ఉన్న 00 బక్ అయితే అదే దూరంలో గుళ్లన్నీ దాదాపు ఒకే కంతలోంచి పోతాయి. రైఫిల్ ఎంత గురిపెట్టి కొడతారో ఇదీ అంతే.
క్లే షెల్ సంగతి. నంబర్ 7½ గుండు 0.095 అంగుళం, ఔన్సుకి 350 దాకా ఉంటాయి. ఒక్కోటి చాలా తేలిక. అమెరికాలో గురి తప్పకుండా తగిలిన గుండు ఎంత లోతుకి పోవాలో చూడ్డానికి ఎఫ్‌బీఐ పరీక్షలకి ఒంటి కండ బదులు వాడే జెల్‌లో 12 అంగుళాలు కనీసం అంటారు. ఇవి అందులో సగం కూడా పోవు. మందపాటి జాకెట్ ఉంటే ఇంకా తక్కువ. అంటే మనిషిని ఆపడానికి నమ్మదగ్గది కాదు. కానీ అదే షెల్ ఆరు గజాల్లో ఇంకా విచ్చుకోకుండా ముద్దగా ఉంటుంది, అరంగుళం డ్రైవాల్ రెండు పొరల్నీ చీల్చుకుపోతుంది. మన గోడలు ఇటుకలు కావు, రెండు సుద్ద పలకల మధ్య కర్ర. ఆపాల్సిన చోట ఆపదు, ఆగాల్సిన చోట ఆగదు.
00 బక్ ఒక్కో గుండు 0.33 అంగుళం, అది ఇంకా ఎక్కువ గోడలు దాటుతుంది. కాబట్టి షెల్ మార్చి గోడ సమస్య తీరదు. నిలబడే చోటు మార్చి తీరాలి. మీరు నిలబడే చోటి నుంచి తలుపు వైపు గీత గీస్తే దాని వెనక పిల్లాడి గది రాకూడదు. పట్టపగలు, తుపాకీ లేకుండా, వేలు చూపించుకుంటూ ఇల్లంతా ఒకసారి తిరగండి.

సీమ_టపాకాయ
8 గుళ్లదా, 9 గుళ్లదా? మా కాడ 9 గుళ్లదే దొరుకుతాది.

కేటీ_కృష్ణ
దొరికితే 8. తొమ్మిదిలో ఒక గుండు తరచూ గుంపు వదిలి పక్కకి పోతుంది. బయట పెద్ద తేడా కాదు, ఇంట్లో ఆ ఒక్కటే ఎవరి గదిలోకి పోతుందో అన్నది ప్రశ్న. ఏది కొన్నా మీ బ్యారెల్‌తో కాగితం మీద కొట్టి చూడండి. ఇంట్లో ఎక్కువలో ఎక్కువ దూరం టేపుతో కొలవండి, అదే దూరంలో మూడు షెల్స్ మూడు కాగితాల మీద. గుళ్లన్నీ మామూలు ప్రింటర్ కాగితం లోపలే ఉండాలి. లేకపోతే ఇంకో రకం షెల్.

స్కీట్_సుబ్బయ్య
ఒకటి కలుపుతా. క్లేల నుంచి వచ్చాక 28 బ్యారెల్‌లో ఫుల్ చోక్ ఉంచేసి, అలాగే బక్‌షాట్ వేసుకుని కూర్చోవద్దు. పెద్ద గుళ్లు గట్టి చోక్‌లో నలిగి ఆకారం చెడిపోతాయి, గుంపు చెదురుతుంది. ఇంప్రూవ్డ్ సిలిండర్ క్షేమం. స్పోర్టింగ్ క్లేస్‌కి కూడా ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్ రెండూ ఉంటే చాలు, మిగతావి అలంకారం.
చోక్ వదులైందా అని ప్రతి పాతిక షెల్స్‌కీ చేత్తో చూడండి. సగం విప్పుకున్న చోక్ వెనక అంచుకి గుళ్లు తగిలితే చోక్ చీలుతుంది, బ్యారెల్ మొన ఉబ్బుతుంది. చోక్ అసలు లేకుండా పేలిస్తే మసి మరల్లో దూరి తర్వాత ఏ చోకూ ఎక్కదు. మరలకి చుక్క గ్రీజు రాయండి.

గోదారి_గాలి
మా స్నేహితుడొకరు హెచ్‌1బి. ఆయన కూడా ఇదే కాంబో కొనొచ్చా?

పంచె_ప్రొఫెసర్
జాగ్రత్త. గ్రీన్ కార్డు వాళ్లు కొనొచ్చు, ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక. హెచ్‌1బి లాంటి నాన్-ఇమిగ్రంట్ వీసాల వాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ షెల్స్ గానీ దగ్గర ఉంచుకోవడమే నిషేధం. మినహాయింపుల్లో అందరూ వాడేది గడువున్న రాష్ట్ర హంటింగ్ లైసెన్సు. ఆ లైసెన్సు గడువు తీరిన మర్నాడు ఇంట్లో తుపాకీ ఉన్నా నేరమే. మినహాయింపు ఉన్నా అమ్మాలా వద్దా అన్నది షాపువాళ్ల ఇష్టం. క్లబ్బులో ఎవరిదో అడిగి కాల్చడం కూడా ఇందులోకే వస్తుంది, "ఒక్క రౌండే కదా" అన్నది కోర్టులో పనికిరాదు. ఆయన డబ్బుతో మీ పేరు మీద కొని ఇస్తే మీరిద్దరూ ఇరుక్కుంటారు, దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. వీసా మీద ఉన్నవాళ్లు ముందు లాయర్‌ని అడగాలి, ఫోరమ్‌ని కాదు.

హబ్సిగూడ_హరి
హైదరాబాద్‌లో ఈ కాంబో లెక్క నడుస్తదా?

పంచె_ప్రొఫెసర్
నడవదు. అక్కడ లైసెన్సు ముందు, తుపాకీ తర్వాత. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకి మించి లేవు. 20 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్ ఉన్న స్మూత్ బోర్‌ని, సెమీ-ఆటోలని మామూలు 12 బోర్ కంటే కఠినమైన వర్గంలో పెట్టారు. ట్రాప్, స్కీట్ మీద ఆసక్తి ఉంటే షూటింగ్ సంఘం ద్వారా వెళ్లడమే దారి. 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడిన కైనాన్ చెనాయ్ మన హైదరాబాదే.

ఫ్రిస్కో_ఫణి
కాంబోకే ఫిక్సవుతున్నా. ఎలా భద్రపరచాలి? తొమ్మిదేళ్లవాడు సీక్రెట్ డ్రాయర్లన్నీ కనిపెట్టేస్తాడు.

లక్ష్మి_ఆస్టిన్
దాచిపెట్టడం కాదు, తాళం వెయ్యాలి. టెక్సస్ పీనల్ కోడ్ 46.13 ప్రకారం లోడయిన తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే నేరం మీది. గోడకో క్లోజెట్ కర్రలకో బోల్ట్ చేసిన, బొత్తాల కోడ్‌తో తెరుచుకునే పొడుగు సేఫ్ కొనండి. వేలిముద్రవి తడి చేతికి మొరాయిస్తాయి. 18.5 బ్యారెల్ బిగించిన తుపాకీ 39 అంగుళాల లోపే కాబట్టి చిన్న సేఫ్ చాలు, కానీ 28 బ్యారెల్ విడిగా పెట్టుకునే జాగా కూడా చూసుకోండి.

మెస్కీట్_మామ
సేఫ్‌లో ఉంచాల్సిన తీరు: ఛాంబర్ ఖాళీ. ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి చూసి, ఫోరెండ్ ముందుకి మూసి, గొట్టం సురక్షితమైన వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కి హ్యామర్ దించు. అప్పుడు సేఫ్టీ వేసి మ్యాగజైన్‌లో నాలుగు షెల్స్ పెట్టు. అవసరం పడితే ఫోరెండ్ ఒక్క లాగుడు, లోడ్. హ్యామర్ దించకపోతే ఫోరెండ్ తాళం పడి ఉంటుంది, ట్రిగ్గర్ గార్డ్ వెనకున్న మీట వెతుక్కోవాలి. షెల్ ఛాంబర్‌లో పెట్టి ఎప్పుడూ ఉంచొద్దు, షాట్‌గన్ సేఫ్టీ చాలావాటిల్లో ట్రిగ్గర్‌నే ఆపుతుంది. కింద పడితే హ్యామర్ జారకుండా అది కాపాడదు.
ఐదు పట్టే చోట నాలుగే పెట్టమన్నది స్ప్రింగ్ కోసం కాదు. ప్లాస్టిక్ షెల్స్ నెలల తరబడి నొక్కుకుపోయి లావెక్కుతాయి, తర్వాత ఛాంబర్‌లోకి పోవు. మూడు నాలుగు నెలలకోసారి తీసి, కొత్తవి పెట్టి, పాతవి రేంజ్‌లో కాల్చేయ్.
కొత్త తుపాకీ మ్యాగజైన్‌లో పక్షుల వేట కోసం చెక్క ప్లగ్ పెట్టి ఇస్తారు, రెండు షెల్సే పడతాయి. తీసెయ్యి.

నల్లగొండ_నాని
షెల్స్ పెట్టుకునే సైడ్ సాడిల్ గూడ కొనమంటరు షాపుల. స్క్రూ ఎక్కువ బిగిస్తే రిసీవర్ నొక్కుకపోయి బోల్ట్ ఇరుకుతది. బిగించినంక ఫోరెండ్ ఆడించి చూడాలె. క్లేలకు పోయేటప్పుడు దాంట్లకెళ్లి బక్‌షాట్ తీసెయ్యాలె, క్లబ్బుల 7½ కంటె పెద్ద గుండు కనబడితె ఇంటికి తోలుతరు.

సీమ_టపాకాయ
రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపించే గాజు సైట్) పెట్టుకోమంటారా?

స్కీట్_సుబ్బయ్య
రిసీవర్ మీద రెడ్ డాట్ పెట్టి బ్యారెల్ మారిస్తే ప్రతిసారీ గురి మారుతుంది. ఒక బ్యారెల్‌కి సరిచేసింది ఇంకోదానికి పనికిరాదు. పైగా క్లేల్లో ఆ గాజు కన్నుకి అడ్డం. రెండింటికీ పూస చాలు. లైట్ పెట్టుకోవాలంటే ఫోరెండ్‌కి కాకుండా చిన్న బ్యారెల్‌కి క్లాంప్ వెయ్యండి, బ్యారెల్‌తో పాటే లైటూ వచ్చేస్తుంది, క్లేలకి బరువు మొయ్యక్కర్లేదు.

ఫ్రిస్కో_ఫణి
ఆఖరి ప్రశ్న. కాంబో షాపులో లేదు. విడిగా 500 కొని, రెండో బ్యారెల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా? బ్యారెల్‌కి కూడా పేపర్లు కావాలా?

మెస్కీట్_మామ
సీరియల్ నంబర్ రిసీవర్ మీదే. ఫెడరల్ చట్టం లెక్కలో బ్యారెల్ ఉత్త విడిభాగం, ఇంటికే పంపుతారు. కానీ ఏ 500 కొంటున్నావో చూసుకో. ఐదు షెల్స్ మ్యాగజైన్ ఉన్న 500 కొంటేనే 18.5, 26, 28 బ్యారెళ్లన్నీ ఎక్కుతాయి. 20 అంగుళాల బ్యారెల్‌తో వచ్చే పొడుగు మ్యాగజైన్ 500కి 28 బిగదు, మ్యాగజైన్ గొట్టం పొడవు కలవదు. మోస్‌బర్గ్‌దే ఇంకో మోడల్ 590, దాని బ్యారెల్ బిగింపు పద్ధతే వేరు, అదీ ఎక్కదు. 835ది అసలే కాదు. మావరిక్ 88 ఐదు షెల్స్‌దైతే 500 బ్యారెళ్లు పడతాయి, ధర ఇంకా తక్కువ, సేఫ్టీ మాత్రం 870లా అడ్డంగా ఉంటుంది. బ్యారెల్‌ని 18 అంగుళాల కంటే తగ్గించి కోయించే ఆలోచన ఎవరైనా చెప్తే వినకు, ముందస్తు ఫెడరల్ అనుమతి లేకుండా అది జైలే.
మార్చేటప్పుడు: ఛాంబర్, మ్యాగజైన్ రెండూ ఖాళీ చెయ్యి. ఫోరెండ్ సగం వెనక్కి లాగు. మ్యాగజైన్ ముందున్న స్క్రూ విప్పు, బ్యారెల్ ముందుకి లాగు. రెండోది పెట్టేటప్పుడు రిసీవర్‌లోకి పూర్తిగా కూర్చుందా చూసి స్క్రూ చేత్తోనే గట్టిగా బిగించు, ప్లయర్ వద్దు. 28 వేసుకుని వంద షెల్స్ కాలిస్తే ఆ స్క్రూ వదులవుతుంది, ప్రతి స్టేషన్‌కీ ఒక మెలిక తిప్పి చూడు.

గోదారి_గాలి
క్లేల నుంచి ఇంటికి రాగానే బ్యారెల్ మార్చాలి కదా, సోఫాలో వాలాక ఎవరు లేస్తారు?

మెస్కీట్_మామ
క్లబ్బు పార్కింగ్‌లోనే మార్చేస్తే సరి. 28 ఇంకా వెచ్చగా ఉండగానే ఒకసారి లోపల తుడిచి సంచిలో పెట్టు. వేడి ఆరాక ప్లాస్టిక్ వాడ్ మరకలు గట్టిపడతాయి, అప్పుడు బ్రష్‌తో కుస్తీ పట్టాలి.